మూడో మాట

శిక్షణ కేంద్రం, కిటికీ పక్క బల్ల
జూన్ 9

సూదికి,

ఫోనులో నేను 'ఊఁ' తప్ప ఏమీ అననని నీ ఫిర్యాదు. ఉత్తరమైతే ఒక పేజీ అయినా నింపక తప్పదని నీ ఎత్తు. సరే, నింపుతున్నాను.

బాగానే ఉన్నాను. బడిలో నన్ను బోర్డు దగ్గర్నుంచి తప్పించారు. తప్పు వాళ్లది కాదు. ఫిబ్రవరిలో తొమ్మిదో తరగతికి ఒక లెక్క చెబుతూ సగంలో ఆగిపోయాను. సుద్దముక్క చేతిలోనే ఉంది. పిల్లలు ఐదు నిమిషాలు ఓపిక పట్టారు. తర్వాత ఎవరో వెళ్లి హెడ్మాస్టరుని పిలుచుకొచ్చారు.

ప్రతి బడికీ ఒక కౌన్సిలర్ ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నిలబడలేని మాస్టారికి ఆ కుర్చీ చూపించారు. ఐదు నెలల శిక్షణ. వారానికి మూడు రోజులు ఇక్కడ, రెండు రోజులు బడిలో పిల్లలతో. నెగ్గితే ఉద్యోగం. నెగ్గకపోతే ముందుగానే విరమణ, అంటే ఇల్లు. మీ అక్క లేని ఆ ఇంట్లో రోజంతా కూర్చోలేను.

శిక్షణ ఇచ్చే మేడమ్ నా పాత విద్యార్థినే. ఎక్కం రాలేదని ఏడో తరగతిలో గోడకుర్చీ వేయించాను. మొదటి రోజే గుర్తుపట్టింది. "రండి మాస్టారూ, కూర్చోండి. మామూలు కుర్చీలోనే లెండి" అంది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

బోర్డు మీద మూడు మాటలు రాసింది. బాధ చెప్పుకోవడానికి వచ్చిన పిల్లల దగ్గర ఇవి అనకూడదట. ఒకటి, 'ఎందుకిలా చేశావ్?' రెండు, 'నీ వయసులో నేను...' మూడోది గుర్తులేదు. ముప్ఫై ఏళ్ల నా ఉద్యోగం మొదటి రెండింటి మీదే నడిచింది.

నీ డ్యూటీలు ఎలా ఉన్నాయి?

మీ బావ


ఆసుపత్రి, నర్సుల గది
జూన్ 20

లెక్కల బావకి,

నవ్వి నవ్వి పక్క వార్డు నుంచి తిట్లు తిన్నాను. నువ్వు కౌన్సిలరా! మా ఇంటికి మొదటిసారి వచ్చినరోజు మా నాన్న "ఎలా ఉంది బాబూ ఇల్లు?" అంటే "పన్నెండు బై పదహారు ఉంటుందండీ ఈ గది" అన్నావు. ఆ రోజే అక్కతో చెప్పాను, ఈ మనిషికి గోడలు కనిపిస్తాయే గానీ మనుషులు కనిపించరని. "కనిపించేలా నేను చేసుకుంటాలే" అంది. ఆ ధీమా చూడు.

మూడోది గుర్తులేదా? ఎవరికి చెబుతావు? పదిహేనేళ్ల కిందటి బస్సు టికెట్టు నంబరు చెప్పే మనిషివి. ఏదో నీకు తగిలిన మాటే అయ్యుంటుంది. 'నోర్మూసుకో' అయ్యుంటుందిలే.

నా సంగతి ఏముంది, కాళ్లు లాగేస్తున్నాయి. ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగం. పక్కింటివాళ్ల పిల్లి తుమ్మినా వచ్చి నన్నే అడుగుతారు. సొంత అక్క మాత్రం అడగలేదు. రాయకూడదనుకుంటూనే రాశాను. వదిలెయ్. అది తలుచుకుంటే నాకు ఏడుపు రాదు బావా, కోపం వస్తుంది. పోయినవాళ్ల మీద కోపం వస్తే దింపుకునేది ఎక్కడ?

వేళకి తింటున్నావా? 'ఊఁ' అని రాసినా ఒప్పుకోను. ఏం తిన్నావో రాయి.

సూది


బడి, పాత సామాన్ల గది (ఇప్పుడు కౌన్సిలింగ్ గది)
జూలై 11

సూదికి,

రెండు పూటలా అన్నమే తిన్నాను.

నాకు ఒక అమ్మాయిని అప్పగించారు. పదో తరగతి. పోయిన ఏడాది వరకూ మొదటి ర్యాంకు. ఏప్రిల్‌లో బడి గేటు మీద ఆమె ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. 'రేపటి మన గర్వకారణం' అని కింద పెద్ద అక్షరాలు. అప్పటినుంచి తోటిపిల్లలు ఆమెని ఫ్లెక్సీ అనే పిలుస్తున్నారు.

జూన్ నుంచి ఆమె పరీక్షల్లో జవాబులు రాయడం మానేసింది. హాలుకి వస్తుంది. మార్జిను గీస్తుంది. ఒకటి నుంచి ముప్ఫై మూడు దాకా ప్రశ్నల నంబర్లు మాత్రం రాసి, మూడు గంటలూ కూర్చుని, పేపరిచ్చి వెళ్తుంది. నంబర్లు ముత్యాల్లా ఉంటాయి. "మాస్టారూ, అర్ధసంవత్సరం పరీక్షల్లోగా ఈ పిల్లని మోటివేట్ చెయ్యండి" అన్నారు హెడ్మాస్టరు, పంపు బాగుచేయమన్నట్టు.

మోటివేట్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడాను. కృషి, పట్టుదల, ఆమె తెలివి. పద్నాలుగుసార్లు "సరే సార్" అంది. తర్వాతి పరీక్షలో మళ్లీ నంబర్లే.

మేడమ్‌కి చెప్పాను. "నలభై నిమిషాల్లో ఆ అమ్మాయి ఎంతసేపు మాట్లాడింది మాస్టారూ?" అని అడిగింది. లెక్కవేశాను. ఇరవై సెకన్లు.

నీ ఉత్తరం మళ్లీ చదివాను. నువ్వు చాలా అలసిపోయావనీ, మీ అక్క మీద కోపంగా ఉన్నావనీ నాకు వినిపిస్తోంది. ఆ కోపం గురించి ఇంకొంచెం చెప్పగలవా?

మీ బావ


ఆసుపత్రి
జూలై 24

బావా,

ఏమిటీ, వినిపిస్తోందా? కాగితం చదివితే వినిపించిందంటే ముందు చెవి డాక్టరు దగ్గరికి వెళ్లు. చీటీ నేను రాయిస్తాను. నీ ట్రైనింగు నా మీద ప్రాక్టీసు చేశావంటే ఇక్కణ్ణుంచే సూది గుచ్చుతాను, జాగ్రత్త.

కానీ అడిగావుగా. చెబుతాను. విను మరి, ఎలాగూ వినిపిస్తుందట కదా.

గుండె ఒక్కరోజులో ఆగిపోదు బావా. చాలామందికి ముందే చెబుతుంది. మెట్ల దగ్గర చెబుతుంది, బరువులెత్తేటప్పుడు చెబుతుంది. మీ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే ఉంటుంది. నీకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మనకన్నా దానికి దగ్గరివాళ్లెవరు? రోజుకి ఇరవైమంది నాడి పట్టుకుని చూసే చెయ్యి నాది. అది తన చెయ్యి నాకివ్వలేదు. నన్ను అంత పరాయిదాన్ని చేసి వెళ్లిపోయింది. ఎందుకో తెలియక ఏడాదిగా నాలో నేనే దానితో పోట్లాడుతున్నాను. అవతలినుంచి జవాబు రాని పోట్లాట ఎంత విసుగో నీకు తెలియదు.

ఆగస్టు పంతొమ్మిదికి ఏడాది. నేను రాను. దానితో నాకు మాటల్లేవు. నువ్వేమీ అనుకోకు, నీ మీద నాకు ఏ కోపమూ లేదు.

సూది


ఇల్లు, భోజనాల బల్ల
ఆగస్టు 21

సూదికి,

నువ్వు రాలేదు. అనుకున్నదే. ఆ రోజు బడికి సెలవు పెట్టి, ఉండలేక మధ్యాహ్నం మళ్లీ బడికే వెళ్లాను.

శిక్షణలో ఇప్పుడు జంటలుగా కూర్చోబెడుతున్నారు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి. చెప్పేవాళ్లు తమను నిజంగా తొలిచే విషయమే చెప్పాలని నియమం. నేను మోకాలి నొప్పి గురించి చెప్పాను. మేడమ్ వెనక నిలబడి విన్నది. "మాస్టారూ, పావుగంటలో పదకొండుసార్లు కుర్చీలోంచి లేచారు. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు అన్నిసార్లు లేవరు" అంది. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు.

నిజమే, ఎక్కడా కూర్చోలేకపోతున్నాను. ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి తిరుగుతాను. బస్సు ఎక్కి, మూడు స్టాపుల ముందే దిగి నడుస్తాను.

నీకు ఒక సంగతి రాయాలి. జూలై నుంచీ రాయాలి. ఇది మూడో కాగితం. మొదటి రెండూ చింపేశాను. ఇందులోనూ రాయడం లేదు.

నాకు ఉత్తరాలు రాసేది నువ్వొక్కదానివే.

మీ బావ


బడి, కౌన్సిలింగ్ గది
సెప్టెంబరు 16

సూదికి,

ఇవాళ ఆ అమ్మాయి మాట్లాడింది. ముందు అది రాస్తాను. లేకపోతే మిగతాది రాయలేను.

ఈసారి నేనేమీ సిద్ధం చేసుకోలేదు. ఆమె పేపరు బల్ల మీద పెట్టి, "నంబర్లు బాగా రాశావు" అన్నాను. వెటకారం అనుకుని నా మొహం చూసింది.

"జవాబులు రాయలేదని తిట్టరా సార్?"

"తిట్టడానికి వేరేవాళ్లు ఉన్నారుగా. నాకు ఆ పని ఇవ్వలేదు."

నవ్వింది. ఊరుకోవడం నాకు చాలా కష్టం. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తనే మొదలుపెట్టింది.

"నేను ముందే చెప్పాను సార్. ఫ్లెక్సీ కట్టకముందే చెప్పాను. నా ఫోటో వద్దు, నాకు భయమేస్తోంది, తక్కువ మార్కులొస్తే ఆ గేటు కిందనుంచి ఎలా రావాలి అని. హెడ్మాస్టర్ సార్‌కి చెప్పాను. క్లాస్ టీచర్‌కి చెప్పాను. ఇంట్లో అమ్మకి చెప్పాను. అందరూ ఒకటే మాట. 'ఏం కాదులే.'"

"తర్వాత?"

"తర్వాతేముంది, చెప్పడం మానేశాను. ఏం కాదులే అన్నాక మళ్లీ ఏం చెబుతాం సార్? చెబితే మనమే ఎక్కువ చేస్తున్నట్టు ఉంటుంది."

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. బయట పిల్లలు బంతి ఆడుతున్నారు. "నేనేమైనా తప్పన్నానా సార్?" అంది వెనకనుంచి. లేదు, సరిగ్గా చెప్పావన్నాను.

ఇక మిగతాది.

మేడమ్ బోర్డు మీద రాసిన మూడో మాట అదే, 'ఏం కాదులే'. నాకు జూన్‌లోనే గుర్తుంది. నోటుపుస్తకంలో ఎక్కించుకోలేకపోయాను.

మీ అక్క దాచలేదు. నాకు చెప్పింది. పోయిన ఏడాది ఏప్రిల్‌లో, చనిపోవడానికి నాలుగు నెలల ముందు. ఛాతీలో నొప్పిగా ఉందంది. ఏం కాదులే అన్నాను. మళ్లీ చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

నువ్వు పోట్లాడవలసింది ఆమెతో కాదు.

మీ బావ


బడి
అక్టోబరు 8

సూదికి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రెండుసార్లు ఫోను చేశాను, నువ్వు తీయలేదు. తీయమని అడగను.

ఫ్లెక్సీ తీయించమని హెడ్మాస్టరుని అడిగాను.

"పిల్లలకి స్ఫూర్తి కోసం కట్టించాం మాస్టారూ! మీకిచ్చిన పనే మోటివేషను, మీరే పీకెయ్యమంటారేంటి?"

"ఆ అమ్మాయి వద్దంటోంది."

"పిల్లలకేం తెలుస్తుందండీ?"

ముప్ఫై ఏళ్లు నేనూ అదే అన్నాను కనుక ఆయనతో వాదించలేదు. బడి వదిలాక వాచ్‌మన్‌ని అడిగి నిచ్చెన తెచ్చాను. ఆ అమ్మాయి ఇంకా వెళ్లలేదు. వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"సార్, పడిపోతారు, వద్దు సార్."

"ఏం..." అని ఆగాను. "పడతానేమో. గట్టిగా పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. నాలుగు తాళ్లు కోశాను. ఆ బొమ్మ ఇద్దరి మీదా పడింది. దాని కిందనుంచి ఆ పిల్ల నవ్వు వినిపించింది. నిజంగానే వినిపించింది, నువ్వు వెక్కిరించక్కర్లేదు.

మర్నాడు హెడ్మాస్టరు శిక్షణ కేంద్రానికి నా మీద ఫిర్యాదు రాశారు.

మీ బావ


శిక్షణ కేంద్రం
అక్టోబరు 30

సూదికి,

అర్ధసంవత్సరం లెక్కల పరీక్షలో ఆమె ఇరవై ప్రశ్నలకు జవాబు రాసింది. నూటికి యాభై నాలుగు వచ్చాయి. హెడ్మాస్టరు తల పట్టుకున్నారు. ఆమె పేపరు తెచ్చి నాకు చూపించి, "ఇవి నా మార్కులు సార్" అంది. తీసుకుని చూశాను. ఒక లెక్క నేను చెప్పే పద్ధతి కన్నా చిన్నగా చేసింది.

ఫిర్యాదు మీద మేడమ్ విచారణ చేసింది. నా ఫైలు మీద 'కుర్చీలో నిలకడ ఇంకా రాలేదు. అయినా ఉత్తీర్ణులు' అని రాసింది. ఉద్యోగం ఉంది.

ఈ కబురు చెప్పడానికి ఎవరూ లేరు. అందుకని నీకు రాశాను. చదవకపోయినా సరే.

మీ బావ


ఆసుపత్రి
నవంబరు 12

బావా,

చదవకుండా ఎలా ఉంటాను? అన్నీ చదివాను. జవాబు రాయబోతే చేతికి తిట్లే వచ్చాయి. అవి చింపేశాను. నువ్వొక్కడివే కాదు చింపేది.

పదమూడు నెలలు మా అక్కని తిట్టుకున్నాను. ఏడాది అయిన రోజున దాని మొహం చూడనని మొండికేసి ఇంట్లో కూర్చున్నాను. 'నీకూ చెప్పలేదు' అని నీకే రాశాను, నిన్ను ఓదార్చుతూ! అది చదివి నువ్వు నాకేం రాశావు? మోకాలి నొప్పి.

'ఏం కాదులే' అన్నందుకు నిన్ను ఏమీ అనను. ఆ మాట రోజుకి ఇరవైసార్లు నేనూ అంటాను, సూది గుచ్చేముందు. పేపర్లు దిద్దే మనిషి తల ఎత్తకుండా అంటాడు, నాకు తెలుసు. అక్కకీ తెలుసు. కానీ అది తప్పు చేసిందని నేను అంటుంటే, చేతులు కట్టుకుని వింటూ కూర్చున్నావు చూడు. దానికి నా దగ్గర మందు లేదు.

నాకొకటి కావాలి. ఆ రోజు అక్క ఏమందో కావాలి. నీ పశ్చాత్తాపం వద్దు, నీ ట్రైనింగు వద్దు, నువ్వు కిటికీ దగ్గరికి వెళ్లావో తలుపు దగ్గరికి వెళ్లావో నాకనవసరం. అది అన్న మాటలు, వరసగా, అన్నది అన్నట్టు. నువ్వు దేన్నీ మర్చిపోవు. అదే నీ జబ్బు. రాయి.


ఇల్లు
నవంబరు 18

సూదికి,

ఏప్రిల్ 17, ఆదివారం. ఉదయం పదిన్నర. నేను భోజనాల బల్ల దగ్గర వార్షిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మీ అక్క కూరగాయల సంచితో పైకి వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

ఆమె: "ఏవండీ."

నేను: "ఊఁ."

ఆమె: "రెండో అంతస్తు దగ్గర కూర్చోవాల్సొచ్చింది. ఇక్కడ ఎవరో పిడికిలి బిగించినట్టు ఉంది. ఎడమ చెయ్యి కూడా లాగుతోంది."

నేను: "సంచి బరువు. ఏం కాదులే."

ఆమె: "సంచి కుడి చేతిలో ఉందండీ."

నేను నవ్వాను. లెక్కల మాస్టారి తప్పే పట్టుకుందని. ఆమె కూడా కొంచెం నవ్వింది.

ఆమె: "చెల్లికి ఒకసారి ఫోను చెయ్యనా? అదైతే సరిగ్గా చెబుతుంది."

నేను: "ఆదివారం పూట దాన్నెందుకు కంగారుపెట్టడం? నైట్ డ్యూటీ చేసి పడుకుని ఉంటుంది."

ఆమె: "అదీ నిజమే. పాపం, దాని నిద్ర పాడవుతుంది."

ఫోను అప్పటికే చేతిలో ఉంది. నీ నంబరు తీసి ఉంది. నేను చూశాను. బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఆమె: "ఎన్ని పేపర్లున్నాయి ఇంకా?"

నేను: "ముప్ఫై రెండు."

ఆమె: "టీ పెడతాను."

చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.

అంతే. సెప్టెంబరులో నీకు సగమే రాశాను. నాకు చెప్పిందని రాశాను. నీకు చెప్పబోయిందని రాయలేదు. ఆపింది నేను. అది తెలిస్తే నువ్వు ఇక రాయవని ఆపుకున్నాను. రాయకపోయినా ఇది నీ చేతికి చేరాలి. ఇది నీది.

మీ బావ


ఆసుపత్రి, నర్సుల గది
డిసెంబరు 3

బావా,

నీ ఉత్తరం రెండు వారాలు నా యూనిఫాం జేబులో తిరిగింది. ఒకసారి ఉతుకులో కూడా పడబోయింది.

పాత డ్యూటీ చార్టు తీయించి చూశాను. ఏప్రిల్ పదహారు రాత్రి నాకు డ్యూటీ లేదు. ఆ ఆదివారం సెలవు. పదిన్నరకి మెలకువగానే ఉన్నాను. బట్టలు ఆరేస్తూ ఉండి ఉంటాను, ఫోను కిటికీలో పెట్టుకుని.

నిన్ను బాధపెట్టాలని రాయడం లేదు. అబద్ధం, బాధపెట్టాలనే రాశాను. ఇక మన మధ్య సగం సగం ఉత్తరాలు వద్దు.

కానీ అది నా నంబరు తీసింది. 'అదైతే సరిగ్గా చెబుతుంది' అంది. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో చెప్పను. నన్ను పరాయిదాన్ని చేయలేదు బావా. నా నిద్ర చూసుకుంది, పిచ్చిది. చిన్నప్పుడూ ఇంతే, నేను పడుకుంటే ఇంట్లో ఎవర్నీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

నిన్న డ్యూటీ దిగి వెళ్తూ, మెట్ల మీద అక్కతో మాట్లాడాను. పైకే మాట్లాడాను, ఎదురొచ్చిన వార్డు బాయ్ పక్కకి తప్పుకున్నాడు. ముందు సారీ చెప్పాను. తర్వాత నీ మీద చాడీలు మొదలుపెట్టాను. నాలుగంతస్తులు దిగినా అవి అయిపోలేదు.

నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో నాకు తెలియదు.

ఆదివారం పొద్దున వస్తున్నాను. నీతో మాట్లాడటానికి కాదు. నీకు యాభై ఏడేళ్లు, మూడంతస్తులు ఎక్కుతావు, నిచ్చెనలు కూడా ఎక్కుతున్నావట. బీపీ మిషను తెస్తున్నాను. చొక్కా చెయ్యి మడిచి, నోరు మూసుకుని కూర్చో. ఎక్కడెక్కడ నొప్పిగా ఉందో నేను అడిగినప్పుడు మాత్రం చెప్పు. అన్నీ చెప్పు.

సూది